నూనె సీసా

పొద్దున కడుపు శూల (కడుపునొప్పి) వచ్చిన మా గుర్రం చుక్క బాగానే ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మీలో సగం మంది చివరి పేరాకి దూకేస్తారు. సాయంత్రం లద్దె వేసింది, నీళ్ళు తాగింది, ఇప్పుడు శాలలో నిలబడి కునుకు తీస్తోంది. నిద్ర పట్టనిది నాకే. దానికి కారణం గుర్రం కాదు, బావగారు.

మధ్యాహ్నం డాక్టర్ గారు ముక్కులోంచి గొట్టం వేసి గోరువెచ్చటి నీళ్ళూ మినరల్ ఆయిలూ పోస్తుంటే, బావగారు వెనక నిలబడి, "చూశావా అమ్మాయ్, పొద్దున నేను చెప్పింది ఇదే కదా! డాక్టర్ గారు పోసిందీ నూనే" అన్నారు. డాక్టర్ గారు నవ్వి ఊరుకున్నారు. మా ఆయన సంగతి మీకు తెలిసిందే, బకెట్ అందించే పనిలో మునిగిపోయారు. నాకూ అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడు అందరూ పడుకున్నాక, అనాల్సిన మాటలన్నీ వరసగా గుర్తొస్తున్నాయి.

అసలు ముందు కనిపెట్టింది చిన్నది. "అమ్మా, చుక్క నన్ను చూసి పలకలేదు" అంది. వెళ్ళి చూస్తే రాత్రి వేసిన గడ్డి సగం అలాగే ఉంది. ముందు కాలితో నేల గీరుతోంది, మెడ తిప్పి డొక్క వైపు చూసుకుంటోంది, మధ్యమధ్యలో పై పెదవి పైకి ముడుస్తోంది. లద్దె రోజూ ఉండేదాంట్లో సగం కూడా లేదు. ఉన్న ఉండలు కూడా చిన్నచిన్నవి, గట్టివి, పైన జిగురు పొర కట్టి ఉన్నాయి. కడుపు శూలే అని అర్థమైపోయింది.

దవడ ఎముక కింద వేలు ఆనించి నాడి చూశాను. నిమిషానికి 52. ఊరికే నిలబడి ఉన్నప్పుడు పెద్ద గుర్రానికి 28 నుంచి 44 దాకా ఉంటుంది, దీనికి ఎప్పుడూ 36 అటూఇటూ. జ్వరం లేదు, 37.9 డిగ్రీలు. చిగుళ్ళు గులాబి రంగులోనే ఉన్నాయి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్ల లోపే రంగు తిరిగొచ్చింది. డొక్కకి చెవి ఆనిస్తే కుడి పక్క కాస్త గుడగుడ, ఎడమ పక్క దాదాపు ఏమీ లేదు. ఇవన్నీ ఫోన్లో చెబితే డాక్టర్ గారు మేత తీసెయ్యమన్నారు. నాడి 60 దాటినా, పడి పొర్లడం మొదలుపెట్టినా మళ్ళీ ఫోన్ చెయ్యమన్నారు. నొప్పి మందు మాత్రం తాను వచ్చేదాకా వద్దన్నారు. అది పడితే నొప్పి అణిగిపోయి, లోపల పేగు మెలిపడినా పైకి తెలియదట. అలమరలో ఫ్లూనిక్సిన్ అనే నొప్పి మందు సీసా మిగిలి ఉందని ఆయనకి గుర్తు. దాన్ని కండలో గుచ్చితే ఆ చోట క్లాస్ట్రీడియా అనే బాక్టీరియా పట్టి కండ కుళ్ళిపోయిన గుర్రాలున్నాయని ఇదివరకే హెచ్చరించారు కాబట్టి, ఆ సీసా జోలికి ఈ ఇంట్లో ఎవరూ వెళ్ళరు.

ఈలోగా బావగారు దిగారు. చేతిలో పెద్ద సీసా, అందులో వంటనూనె. "తల పైకెత్తి పట్టుకో, పెదవి పక్కనుంచి పోస్తాను, గంటలో తగ్గిపోతుంది." నేను వద్దన్నాను. "మా నాన్న ఎన్ని గుర్రాలకి పోశాడో నీకేం తెలుసు?" అన్నారు. డాక్టర్ గారు వచ్చేదాకా ఆ సీసా ఆయన చేతిలోనే ఉంది. ఒక కన్ను గుర్రం మీద, ఇంకో కన్ను సీసా మీద పెట్టుకుని నిలబడ్డాను. చుక్కని కాసేపు నడిపించాను, కాసేపు నిలబెట్టాను. మధ్యలో ఒకసారి పడుకుంది. పొర్లకుండా కదలకుండా పడుకుంటే పడుకోనివ్వచ్చు, లేపి అలసిపోయేదాకా తిప్పక్కర్లేదు. దానిమీదా ఒక వాదన జరిగింది, అది రాయను.

సీసాతో పోస్తే ఏమవుతుందో ఇక్కడైనా రాస్తాను. తల పైకెత్తి నోట్లో పోసిన నూనె కడుపులోకే వెళ్తుందని నమ్మకం లేదు, ఊపిరితిత్తుల్లోకి జారిపోవచ్చు. నూనె చల్లగా జారుతుంది, నీళ్ళు పొరబోయినట్టు దగ్గు కూడా సరిగా రాదు. ఊపిరితిత్తుల్లో చేరాక దాన్ని బయటికి తీసే దారి లేదు, శూల తగ్గినా నిమోనియాతో పోతుంది.

రెండోది ఇంకా పెద్దది. గుర్రం కక్కుకోలేదు. కడుపు మొదట్లో కండ బిగువు అలాంటిది, లోపలికి వెళ్ళింది వెనక్కి రాదు. అంత ఒంటికి కడుపేమో 8 నుంచి 15 లీటర్ల లోపు. కింద పేగు మూసుకుపోయి నీరు కడుపులోకి ఎగదన్నితే పోవడానికి చోటుండదు, కడుపు చిట్లిపోతుంది. అందుకే డాక్టర్ గారు గొట్టం వేసిన వెంటనే నూనె పోయలేదు. ముందు కాసిని నీళ్ళు పంపి, గొట్టం కిందికి వంచి, వెనక్కి ఏమొస్తుందో బకెట్లో చూశారు. పెద్దగా ఏమీ రాకపోతేనే పోశారు. వెనక్కి లీటర్ల కొద్దీ వచ్చి ఉంటే ఒక్క చుక్క కూడా పోసేవారు కాదు. బావగారు ఆ బకెట్ దగ్గరే నిలబడ్డారు. చూసింది నూనె ఒక్కటే.

గొట్టం సరైన దారిలో దిగుతోందో లేదో ఎలా తెలుస్తుందా అని నాకు ఎప్పటినుంచో అనుమానం. ఇవాళ చూశాను. గుర్రం మింగేకొద్దీ మెడ ఎడమ పక్క, చర్మం కింద, సన్నటి గీతలా ఒక ఉబ్బు కిందికి పాకింది. చిన్నది వేలు పెట్టి మరీ చూపించింది. చుక్క జూలు విదిలించి, చెవులు వెనక్కి పెట్టి, పాపం మొత్తానికి ఓర్చుకుంది.

బావగారి వైద్యం అంటే నాకు చుక్క కుంటిన రోజే గుర్తొస్తుంది. పాతవాళ్ళకి తెలుసు, కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం చెబుతున్నాను. ముందురోజు బాగా పరిగెత్తిన గుర్రం పొద్దున్నే మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. ముందు కుడి కాలు నేలకి ఆనించదు. చెమటలు. ఈయన మొహం పాలిపోయింది, ఎముక విరిగిందనుకున్నాం అందరం. చిన్నది అప్పటికి ఇంకా డైపర్లలో ఉంది, మేం ఏడుస్తుంటే అదీ ఏడ్చింది. బావగారు వచ్చి ఒక్క చూపు చూసి "భుజం తప్పింది" అని తేల్చేసి, పై చొక్కా విప్పి భుజం మర్దనా మొదలుపెట్టారు. చుక్కకి ఆ మర్దనా చాలా నచ్చింది, కళ్ళు సగం మూసింది. అది చూసి ఆయన "పనిచేస్తోంది" అన్నారు.

డాక్టర్ గారు భుజం వైపు కూడా చూడలేదు. మడమ పైన వేలు పెట్టి "ఇక్కడ నాడి ఎలా కొట్టుకుంటోందో చూడండి" అన్నారు. మామూలుగా వెతికితే గానీ దొరకని నాడి, వేలిని తోసేస్తోంది. గిట్ట వేడిగా ఉంది. పెద్ద పట్కారుతో అడుగంతా నొక్కుకుంటూ వచ్చి ఒకచోట నొక్కగానే చుక్క కాలు లాగేసుకుంది. ముందుకాలు కుంటితే ముందు గిట్ట చూడాలి, చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది అంటూ, కొడవలిలా వంగిన చిన్న కత్తితో ఆ చోట పొరలు పొరలుగా చెక్కారు. సన్నటి నల్ల గీత కనిపించింది, దాని వెంట పోయారు. ఉన్నట్టుండి బూడిదరంగు నీళ్ళ చీము చిమ్మింది. ఆ వాసన చెప్పలేను. చుక్క నెమ్మదిగా కాలు కింద పెట్టింది. విరిగిందనుకున్న కాలు! అప్పుడు మళ్ళీ ఏడ్చాం.

డాక్టర్ గారు ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారని అడిగారు. ఆ జబ్బు తొందరగా తగిలే జంతువుల్లో గుర్రం ముందు వరసలో ఉంటుంది, గిట్టలో చిన్న రంధ్రం చాలు. ఈయన బీరువాలో కాగితాలన్నీ కింద పోసి వెతికి, చివరికి తేదీ ఉన్న కాగితం పట్టుకొచ్చారు. ఆ తర్వాత గిట్టకి కట్టు కట్టడానికి చిన్నదాని డైపరు బాగా పనికొచ్చింది, పైన టేపు చుట్టేశాం. ఇప్పటికీ నవ్వొస్తుంది. బావగారు మాత్రం భుజం మర్దనా వల్లే చీము కిందికి దిగిందని చెప్పుకుంటున్నారు.

ఇక్కడిదాకా రాసి లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను. ఇప్పుడు కోపం కాస్త తగ్గింది, లేదా మారింది. శూల వచ్చిన గుర్రాల్లో ఎక్కువ శాతం తేలిక వైద్యంతోనో అసలు ఏ వైద్యం లేకుండానో తేరుకుంటాయి, ఆపరేషన్ దాకా వెళ్ళేవి తక్కువ. అంటే బావగారి నాన్నగారు సీసాతో పోసిన గుర్రాల్లో చాలావాటికి ఎలాగూ తగ్గేదే. ఎవరు చివర ఏం చేస్తే పేరు దానికి పోయింది. పోయినవి మాత్రం "ఆయుష్షు తీరి" పోయి ఉంటాయి. ఆ లెక్కన చూస్తే ఆయన అబద్ధమేమీ చెప్పడం లేదు, కళ్ళారా చూసిందే చెబుతున్నారు. ఇవాళ మాత్రం తగ్గించింది గొట్టమేనా, నా నడకేనా, దానికదే తగ్గిందా, నేనైనా ఎలా చెప్పగలను? పెద్ద పేగు ఎడమ పక్క వెనక్కి మలుపు తిరిగి సన్నబడే చోట మేత అడ్డుపడిందని డాక్టర్ గారు వెనకనుంచి లోపలికి చేయి పెట్టి చూసి చెప్పారు. అది మాత్రం ఊహ కాదు. అయినా బావగారు పొద్దున్నించి సాయంత్రం దాకా మంచినీళ్ళు కూడా తాగకుండా నిలబడ్డారు. అంతసేపు నిలబడింది గుర్రం మీద ప్రేమతోనే, సీసా కోసం కాదు. రేపు కాఫీ నేనే తీసుకెళ్ళి ఇస్తాను.

సీసా మాత్రం దాచేశాను.

అసలు అడ్డెందుకు పడిందో ఆలోచిస్తే రెండు కనిపిస్తున్నాయి. చలి మొదలైనప్పటినుంచి తొట్టిలో నీళ్ళు సరిగా తగ్గడం లేదు. ఎండుగడ్డి తినే గుర్రం రోజుకి పాతిక లీటర్లైనా తాగాలి, నీళ్ళు మరీ చల్లగా ఉంటే తగ్గించేస్తుంది. ఇకనుంచి పొద్దునా సాయంత్రం వేడినీళ్ళు కలిపి పెట్టాలి. రెండోది ఇవాళ తొట్టి తుడుస్తుంటే దొరికింది. తడిసి, తాడులా మెలితిరిగి, సగం నమిలి ఉమ్మేసిన గడ్డి ముద్ద. గుర్రం పళ్ళు జీవితమంతా ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి వస్తూనే ఉంటాయి, సమంగా అరక్కపోతే అంచులు కత్తుల్లా తేలి బుగ్గ కోస్తాయి. నొప్పికి సరిగా నమలదు, నమలని గడ్డి లోపల అడ్డుపడుతుంది. నోరు తెరిచి, ఆకురాయితో ఆ అంచులు అరగదీయాలి. నాలుగు రోజులాగి కడుపు కుదుటపడ్డాక రమ్మన్నాను, డాక్టర్ గారు సరేనన్నారు.

అప్పటిదాకా నానబెట్టిన గడ్డి గుప్పెడు గుప్పెడు, దాణా అసలు వద్దు. తెల్లవారుజామున ఒకసారి లేచి లద్దె వేసిందో లేదో, నాడి ఎంతుందో చూడాలి. ఈయన తనే లేస్తానన్నారు. లేవరు. అలారం నా ఫోన్లోనే పెట్టుకున్నాను.