బదరీనాథ్‌లో మా ఊరి పేజీ

కేదార, బదరీ యాత్రకు వెళ్తూ దేవప్రయాగలో ఆగితే మాకు ఇచ్చింది ఇరవై నిమిషాలు. భాగీరథి, అలకనంద కలిసి గంగ అనే పేరుతో కిందికి వచ్చేది అక్కణ్ణుంచే. 108 దివ్యదేశాల్లో ఒకటైన రఘునాథస్వామి గుడి ఉన్నదీ అక్కడే. రోడ్డు మీంచి మెట్లు దిగి, వేలాడే వంతెన దాటి, సంగమం దగ్గర గొలుసు పట్టుకుని మూడు మునకలు వేసి తిరిగి ఎక్కి రావాలంటే అరవై దాటిన మోకాళ్ళకు గంటన్నరైనా పడుతుంది. మా టూర్ మేనేజరు మాత్రం బండి దిగకముందే చెప్పేశాడు. "కిందికి వెళ్ళకండి, రాత్రికి గుప్తకాశి చేరలేం. ఇక్కణ్ణుంచి ఫొటోలు బాగా వస్తాయి."

వచ్చాయి. టెహ్రీ డ్యాములో తేరుకుని వచ్చే భాగీరథి పచ్చగా, అలకనంద బురదగా, రెండు రంగులూ కొంతదూరం కలవకుండా పోతూ. పక్కన నిలబడ్డ పిన్నిగారొకావిడ రాగి చెంబు కొంగులో పట్టుకుని కిందికే చూస్తోంది. "ఒక్క చెంబుడు నీళ్ళైనా తెచ్చుకోనీ బాబూ" అంది. విజిల్ ఊదేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

తణుకు నుంచి తిరిగి తణుకు దాకా అన్నీ కలిపి మనిషికి 42,000 కట్టాం. గుర్రాలు, డోలీలు, పూజలు మన ఖర్చే. కాగితం మీద 'పంచప్రయాగలు, సాంస్కృతిక ప్రదేశాలు' అని రాసుంది. వంటవాళ్ళు మనవాళ్ళే. ఉదయం ఉప్మా, మధ్యాహ్నం పప్పు, ఆవకాయ, పెరుగు. వయసైనవాళ్ళకు అది పెద్ద ధైర్యం, కాదనను. కానీ ఆ కొండల ప్రాంతమైన గఢ్వాల్‌లో తిరిగినన్నాళ్ళూ గఢ్వాల్ తిండి పెట్టించే ఆలోచనే వాళ్ళకు రాలేదు. మా డ్రైవరు ఒకరోజు తన డబ్బా తెరిచి నాకు పెట్టాడు. మండువా రొట్టెలు, గహత్ పప్పు. అంటే మన చోళ్ళు, మన ఉలవలు. వేలాది అడుగుల ఎత్తున, చలిలో, మా నాయనమ్మ కాచిన ఉలవచారు వాసన వచ్చింది.

ఆ డ్రైవరు చమోలీ జిల్లా మనిషి. నేను రైల్వేలో పనిచేసినందువల్ల హిందీ వచ్చు. మా ఆవిడకు మలుపుల్లో వాంతులవుతాయని ముందు సీటు అడిగి తీసుకున్నాం. యాత్రలో నాకు దక్కినవాటిలో సగం ఆ సీటు వల్లే దక్కాయి. రుషీకేశ్ దాటాక అతను గంగకు అవతలి గట్టు చూపించాడు. "చెట్ల మధ్య గీతలా కనబడుతోందే, అది పాత దారి బాబూజీ. మోటారు రోడ్డు లేని రోజుల్లో బదరీకి అందరూ అటు నుంచే నడిచారు." లక్ష్మణ్ ఝూలా దగ్గర నది దాటి గరుడ్ చట్టీ, ఫూల్ చట్టీ, మహాదేవ్ చట్టీ, వ్యాస్ ఘాట్ మీదుగా దేవప్రయాగ. చట్టీ అంటే మజిలీ. అక్కడి కొట్టులో బియ్యం, పప్పు కొంటే వండుకోవడానికి గిన్నెలు, పడుకోవడానికి చోటు ఊరికే ఇచ్చేవాళ్ళట. ఇతని ముత్తాతకు పైన ఎక్కడో అలాంటి చట్టీ ఒకటి ఉండేది. బస్సులు రోడ్డెక్కాక యాత్రికులు ఆ దారిన రావడం మానేశారు. కొట్టు పోయింది, ఇంట్లోవాళ్ళు డ్రైవర్లయ్యారు.

అది విన్నప్పటి నుంచి నా కళ్ళు అవతలి గట్టు మీదే ఉన్నాయి. మా తాతమ్మ నడిచింది ఆ దారినే కదా. మా నాయనమ్మకు అత్తగారు. చిన్న వయసులోనే భర్త పోయాడు. మరిదిగారి వెంట బదరీ వెళ్ళొచ్చిందని నాయనమ్మ చెప్పేది. బయల్దేరే ముందు ఒంటి మీద మిగిలిన బంగారం కోడళ్ళకు పంచేసిందట. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమనే రోజులు, కాశీ దాటి ఇంకా పైకి వెళ్ళడమంటే చెప్పేదేముంది. ఊరంతా పొలిమేర దాకా వచ్చి ఏడ్చి సాగనంపారట. తిరిగొచ్చాక గంగ చెంబు మధ్యలో పెట్టి కాశీ సమారాధన చేసి ఊరికి భోజనాలు పెట్టారు. ఆ చెంబు మా పెదనాన్న ఇంట్లో ఇప్పటికీ ఉంది.

కేదారం గురించి ఎక్కువ రాయను. గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్లు గుర్రం మీద వెళ్ళాం, తడిసి ముద్దయ్యాం, దర్శనం బాగా జరిగింది. 2013 జూన్ వరదలో కొట్టుకొచ్చి గుడి వెనక ఆగిన బండకు దండం పెట్టుకున్నాను. గుర్రాల పరిస్థితి చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోయింది. దిగేటప్పుడు నొప్పులతోనే అయినా నడిచే దిగాను.

జోషీమఠ్‌లో నరసింహస్వామి గుడి దగ్గర మేనేజరు మైకు తీసుకుని కథ చెప్పాడు. స్వామి ఎడమ చెయ్యి ఏటేటా సన్నబడుతోందని, అది విరిగిననాడు నర నారాయణ పర్వతాలు కలిసిపోయి బదరీ దారి మూసుకుపోతుందని, అప్పుడిక భవిష్య బదరీలోనే పూజలని. అందరం చేతులు జోడించి విన్నాం. బాగా చెప్పాడు. కానీ 2023 జనవరిలో ఆ ఊరు నేలలోకి కుంగి వందలాది ఇళ్ళు పగుళ్ళిచ్చిన సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. గోడల మీద ఎర్ర గుర్తు వేసి జనాన్ని ఖాళీ చేయించారు. డ్రైవరు అత్తగారి ఇంటికీ ఆ గుర్తు పడింది. "కట్టుకున్న ఇల్లు కళ్ళముందే ఉంది, లోపలికి పోనివ్వరు" అన్నాడు. సాంస్కృతిక యాత్ర అని పేరు పెట్టాక అక్కడి మనుషుల సంగతి వద్దా? ఈ మాట నేను మేనేజరునే అడిగాను. "సార్, అందరూ దేవుడి కోసం వచ్చారు, టెన్షన్ పెట్టడమెందుకు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. చెయ్యి విరిగితే ఏమవుతుందో కథలో చెప్పి, విరిగిన ఇళ్ళ పక్క నుంచే మాట్లాడకుండా తీసుకెళ్ళడం నాకు తప్పనిపించింది.

బదరీనాథ్ చేరేసరికి సాయంత్రమైంది. తెల్లారి తప్తకుండంలో స్నానం. బయట వేళ్ళు కొంకర్లు పోయే చలి, కుండంలో చెయ్యి పెట్టలేనంత వేడి. స్వామి దర్శనం, తులసి మాల, శనగపప్పు ప్రసాదం. పూజారి రావల్‌గారు కేరళ నంబూద్రి, మంచు కొండల్లోని గుడికి అర్చన చేసేది మన దక్షిణాది మనిషేనని మా వాళ్ళందరికీ సంబరం. తర్వాత బ్రహ్మకపాలం దగ్గర పిండాలు. అక్కడ ఒకాయన 2,100 అన్నాడు, పక్కాయన 1,100 అన్నాడు, మంత్రాలు ఇద్దరివీ ఒకటే.

అక్కడే ఒక పెద్దాయన దగ్గరికొచ్చి తెలుగులో అడిగాడు. "ఏ జిల్లా అండీ మీది?" నేను చెప్పాను. "ఏ తాలూకా? ఇంటిపేరు?" దేవప్రయాగ పండాల కుటుంబం. బదరీ యాత్రికులకు తరతరాలుగా పురోహితులు వాళ్ళే. ఆరు నెలలు గుడి తెరిచి ఉన్నప్పుడు పైన, తలుపులు మూశాక దేవప్రయాగలో. ఎప్పుడో దక్షిణాది నుంచి వచ్చినవాళ్ళమనే చెప్పుకుంటారు. యాత్రికుల వివరాలు రాసుకున్న బహీలు, అంటే పద్దు పుస్తకాలు, వాళ్ళ ఆస్తి. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు పొలం పంచుకున్నట్టే జిల్లాలు పంచుకుంటారు.

ఆయన గదికి తీసుకెళ్ళాడు. గుడి చుట్టూ మాస్టర్ ప్లాన్ పనులకని ఇళ్ళు కొట్టేశారు, ఆ గదీ అద్దెదే. ఎర్ర గుడ్డ విప్పి పొడుగాటి పుస్తకం తీశాడు. తాలూకాల వారీగా, ఊళ్ళ వారీగా పేజీలు. సగం హిందీ, సగం తెలుగు. తెలుగంతా యాత్రికులు స్వయంగా రాసింది. నిశానీ వేలిముద్రలు కూడా ఉన్నాయి. మా చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే వస్తుంటే నాకు గొంతు పట్టేసింది. ఇంతలో మా ఊరు వచ్చింది.

ధాత నామ సంవత్సరం, జ్యేష్ఠ బహుళం. అంటే 1936. తణుకు తాలూకా, మా ఊరు, మా ఇంటిపేరు, మా చిన ముత్తాత పేరు. తాతమ్మ మరిదిగారు ఆయనే. సిరా వెలిసినా అక్షరం గుండ్రంగా, చక్కగా ఉంది. కింద ఆయన తండ్రి పేరు, తాత పేరు, గోత్రం. ఆ కింద ఒక వరుస. 'వెంట ఆడవారు నలుగురు.'

అంతే. పేర్లు లేవు.

పేజీ తిప్పి చూశాను, వెనక్కి చూశాను. వేరే ఊళ్ళ పేజీల్లోనూ అలాగే ఉంది. 'భార్యతో', 'తల్లితో', 'ఆడవారు ఇద్దరు'. బంగారం పంచేసి, రుషీకేశ్ నుంచి దగ్గర దగ్గర 300 కిలోమీటర్ల దారిలో చట్టీ చట్టీకీ వండి పెట్టుకుంటూ వచ్చిన మనిషి, ఇక్కడికొచ్చాక నలుగురిలో ఒకతె అయింది. మా ఆవిడ ఆ వరుస మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. "అత్తయ్యగారు వింటే బాధపడేవారు" అంది.

ఆ వరుస పక్కన పేరు చేర్చమని అడిగాను. "పాత రాతను మేం ముట్టుకోం. అది మీ పెద్దల చేతిరాత" అన్నాడు పురోహితుడు. న్యాయమే. కొత్త పేజీలో మీ పేర్లు రాస్తారు కదా, అక్కడ ఏం రాసినా మీ ఇష్టం అన్నాడు. ఇంతలో మేనేజరు నుంచి ఫోన్ మీద ఫోన్. భోజనాలు అయిపోతున్నాయి, పక్కనున్న మానా ఊరికి బండి కదులుతోంది, మీ ఇద్దరి కోసం ఇరవైమంది ఆగాలా అని. ఆగమన్నాను. ఆగకపోతే మూడు కిలోమీటర్లే కదా, మేమే వస్తామన్నాను.

తొందరపడకుండా రాశాను. ముందు తాతమ్మ పేరు, పుట్టింటి పేరుతో సహా, ధాత నామ సంవత్సరంలో కాలినడకన వచ్చిందని. తర్వాత నాయనమ్మ, అమ్మ. వాళ్ళిద్దరూ రాలేకపోయారని కూడా రాశాను. ఆ తర్వాత మా ఆవిడ, కూతురు, కోడలు, మనవరాలు. చివర నేను, నా కొడుకు. పురోహితుడు చదివి, నెమ్మదిగా తలూపి, హిందీలో పక్కన ఎత్తి రాసుకున్నాడు. 500 ఇచ్చాను. ఈ యాత్రలో లెక్క చూసుకోకుండా ఇచ్చిన డబ్బు అదొక్కటే.

మానాలో వ్యాస గుహ, గణేశ గుహ, భీమ్ పుల్, సరస్వతి హోరు, దేశపు మొదటి టీ కొట్టు దగ్గర ఫొటోల తోపులాట. ఇళ్ళ ముందు ఉన్ని నేస్తున్న ఆడవాళ్ళను అందరూ దాటుకుని పోయారు. బదరీ గుడి తలుపులు మూసేరోజు స్వామికి నెయ్యి పట్టించి కప్పే కంబళి ఈ ఊరి కన్యలు నేసేదే. అది కూడా డ్రైవరు చెబితేనే తెలిసింది. ఒకామె దగ్గర ఉన్ని టోపీ కొన్నాను. బేరం ఆడలేదు.

దిగేటప్పుడు మళ్ళీ దేవప్రయాగ వచ్చింది. ఈసారి బండిలో అందరం ఒకే మాట మీద ఉన్నాం, గంటన్నర ఆపించాం. పిన్నిగారికి ఆమె కొంగు వదలని చెంబు నిండింది. అక్కణ్ణుంచి కిందికి దారి పొడుగునా రుషీకేశ్–కర్ణప్రయాగ రైలు పనులు. 125 కిలోమీటర్ల లైను, అందులో 100కు పైగా సొరంగాల్లోనే. రైల్వే మనిషిగా ఆ పని చూస్తే గర్వంగానే ఉంటుంది. ఇంత కష్టమైన కొండలో లైను వేయడం మాటలు కాదు, ఊళ్ళవాళ్ళకు ఆస్పత్రి దగ్గరవుతుంది. కానీ రేపు యాత్రికులు చీకట్లో కూర్చుని వెళ్తారు, అవతలి గట్టు మీది ఆ గీత కనబడదు. చూపించే డ్రైవరూ ఉండడు.

ఇంటికొచ్చాక పేజీ ఫొటో మా మేనత్తకు చూపించాను. ఆమెకు తొంభై దగ్గర పడింది, చూపు లేదు, నేనే చదివి వినిపించాను. నలుగురిలో తాతమ్మ కాక మరొకావిడ ఎదురింటి వెంకమ్మగారి అత్తగారై ఉంటుందని అంది. మిగతా ఇద్దరూ మా ఊరివాళ్ళు కారట, పక్క ఊరి నుంచి వచ్చి తణుకులో కలుసుకున్నారని విన్న గుర్తు. పురోహితుడు ఫోన్ నంబరిచ్చి, పేర్లు తెలిస్తే పంపండి, కొత్త పేజీలో చేరుస్తానన్నాడు. అందుకే ఇదంతా రాస్తున్నాను. తణుకు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, 1936 ఎండాకాలంలో మీ ఇంటి నుంచి ఒకావిడ బదరీ వెళ్ళొచ్చిందేమో పెద్దవాళ్ళను అడగండి. పేరు, ఇంటిపేరు, ఊరు తెలిస్తే చాలు.