డాక్యుమెంటేషన్ రాయమని కాదు, ఎక్కడ పాతబడిందో చూడమని అడగండి

డాక్యుమెంటేషన్, అంటే కోడ్ ఎలా పనిచేస్తుందో చెప్పే రాతలు, అసలు లేకపోతే కోడ్ చదువుకుంటాం. కాస్త కష్టమైనా ఉన్నదున్నట్టు తెలుస్తుంది. ఉండి పాతబడిపోతే మాత్రం దాన్నే నమ్మి ముందుకెళ్తాం, అక్కడే దెబ్బ తింటాం. బెంగళూరు బెళ్ళందూరులో పేమెంట్స్ బ్యాకెండ్ మీద పనిచేస్తూ నేను గట్టిగా నమ్ముతున్న విషయం ఇది.

మా టీమ్‌లో కొత్తగా చేరిన నరసరావుపేట అబ్బాయి ఒకరోజు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, "అక్కా, రీడ్‌మీలో రీట్రై 3 సార్లు అని ఉంది, కోడ్‌లో 5 ఉంది. దేన్ని నమ్మమంటారు?" అన్నాడు. రీడ్‌మీ అంటే ప్రాజెక్టు గురించి రాసి ఉండే ఫైల్, రీట్రై అంటే ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించడం. కోడ్‌నే నమ్మమన్నాను. కానీ అతను అడిగినదాంట్లో న్యాయముంది. ఆ అంకె మార్చినవాళ్లు ముట్టుకున్నది ఒక్క లైన్. దాని గురించి రీడ్‌మీలో ఒకచోట, ఏపీఐ పేజీలో ఒకచోట, అలర్ట్ వస్తే ఏం చేయాలో ఆన్‌కాల్ డ్యూటీ వాళ్లు చూసుకునే రన్‌బుక్‌లో ఇంకోచోట రాసి ఉంది. రిలీజ్ ముందురోజు సాయంత్రం అవన్నీ ఎవరికి గుర్తుంటాయి? దీన్ని బద్ధకం అనడానికి నాకు మనసొప్పదు.

ఏఐ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. అయితే చాలామంది ఫంక్షన్ సెలెక్ట్ చేసి "దీనికి డాక్యుమెంటేషన్ రాయి" అంటారు. గెట్ యూజర్ అనే ఫంక్షన్ మీద "ఇది యూజర్‌ని తెస్తుంది" అని నాలుగు లైన్లు వస్తాయి. రేపు పాతబడడానికి ఇంకో నాలుగు లైన్లు చేరాయి, అంతే.

నేను వీఎస్ కోడ్ ఎడిటర్‌లో కమిట్ చేసేముందు, అంటే మార్పుని నమోదు చేసేముందు, కోపైలట్ అనే ఏఐ చాట్ తెరిచి ఇలా అడుగుతాను: "ఈ డిఫ్ చూడు. దీనివల్ల రీడ్‌మీలో, డాక్స్ ఫోల్డర్‌లో, డాక్‌స్ట్రింగుల్లో ఏ వాక్యాలు ఇప్పుడు అబద్ధమయ్యాయి? ఫైల్ పేరు, లైన్ నంబరు చెప్పు. ఏదీ మార్చకు." డిఫ్ అంటే మారిన లైన్లు, డాక్‌స్ట్రింగ్ అంటే కోడ్‌లోనే ఫంక్షన్ గురించి రాసే వివరణ. "ఏదీ మార్చకు" అన్న ఆ చివరి మాట చాలా ముఖ్యం. అది లేకపోతే బాగున్న పేరాలను కూడా తిరగరాసేస్తుంది. చిన్న మార్పుకి పెద్ద పుల్ రిక్వెస్ట్ (రివ్యూకి పంపే మార్పుల కట్ట) తయారవుతుంది, రివ్యూ చేసేవాళ్లు పైపైన చూసి అప్రూవ్ కొట్టేస్తారు. ముందు జాబితా రావాలి, నేను ఒక్కొక్కటీ చదవాలి, ఆ తర్వాతే ఆ వాక్యం వరకు మార్చమంటాను. ఈ నియమాలన్నీ డాట్ గిట్‌హబ్ ఫోల్డర్‌లోని కోపైలట్ ఇన్‌స్ట్రక్షన్స్ ఫైల్‌లో పెట్టేశాం కాబట్టి టీమ్‌లో అందరికీ ఒకేలా పనిచేస్తుంది.

ఈమధ్య బ్యాంకు జవాబు కోసం ఎదురుచూసే టైమవుట్‌ని 30 సెకన్ల నుంచి 10కి తగ్గించాం. రన్‌బుక్‌లో 30 అని వెతికితే ఏమీ దొరకదు, టైమవుట్ అని వెతికినా దొరకదు. అక్కడున్నది "బ్యాంకు నుంచి అర నిమిషం దాకా జవాబు రాకపోవచ్చు, కంగారు పడొద్దు" అన్న వాక్యం. ఏఐ నేరుగా దాన్ని పట్టుకుంది. రాత్రి రెండింటికి అలర్ట్ వచ్చి లేచినవాళ్లు ఆ వాక్యం చదువుకుని ఊరికే కూర్చునేవాళ్లు.

డాక్యుమెంటేషన్‌లో ఇచ్చే కోడ్ ఉదాహరణల విషయంలో ఏఐ మాట మీద కూడా ఆధారపడక్కర్లేదు. పైథాన్‌లో డాక్‌టెస్ట్ 2001 నుంచీ ఉంది. డాక్‌స్ట్రింగ్‌లో రాసిన ఉదాహరణని రన్ చేసి, జవాబు తేడా వస్తే ఫెయిల్ చేస్తుంది. కోడ్ మారినప్పుడల్లా టెస్టులు వాటంతటవే నడిపే సీఐలో పెట్టేస్తే సరిపోతుంది.

ఏఐని అస్సలు నమ్మకూడనిది ఒకటుంది: కారణాలు. మా సెటిల్‌మెంట్ కోడ్‌లో ఒక బ్యాంకుకు వెళ్లే ఒక కాల్‌కీ ఇంకో కాల్‌కీ మధ్య ఒక సెకను ఆగే లైన్ ఉంది. దానికి ఏఐ "సర్వర్ మీద లోడ్ తగ్గించడానికి" అని రాసింది. చదివితే నిజమే అనిపిస్తుంది. అసలు సంగతి వేరు. ఆ బ్యాంకుకు మేం పంపే రిఫరెన్స్ నంబరు తేదీ, టైముతో తయారవుతుంది, అదీ సెకన్ల వరకే. ఒకే సెకనులో రెండు వెళ్తే నంబర్లు ఒకటే అయిపోయి రెండోది డూప్లికేట్ కింద తిరిగొస్తుంది. లోడ్ అని నమ్మినవాళ్లు రేపు సర్వర్లు పెంచగానే ఆ లైన్ తీసేస్తారు. ఈ కారణం కోడ్‌లో లేదు, కమిట్ మెసేజ్‌లో లేదు. టీ తాగుతూ మా సీనియర్ ఒకాయన చెప్తే తెలిసింది.

అందుకే మా ఫైల్‌లో ఇంకో నియమం చేర్చాం: కారణం ఎక్కడా రాసి లేకపోతే ఊహించకు, ఖాళీ వదిలి అడుగు. అడిగినప్పుడు నేను ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగులోనే గబగబా టైప్ చేసేస్తాను, అది ఇంగ్లీషులో కుదురుగా పెడుతుంది. ఇంగ్లీషులో రాయాలంటే వెనకాడే పిల్లలు కూడా ఇప్పుడు కారణాలు వివరంగా చెప్తున్నారు. నాకు అన్నిటికన్నా సంతోషం అదే.

ఆ సీనియర్ రాజీనామా పెట్టారు, వచ్చే నెల హైదరాబాద్ వెళ్లిపోతున్నారు. ఆయన రాసిన ఫైళ్లలో కారణం కనిపించని లైన్లు ఏవో ఏఐతో జాబితా తీయించాను. భోజనాలయ్యాక ఆయన్ని కూర్చోబెట్టి ఒక్కొక్కటీ అడుగుతున్నాను. మీ టీమ్‌లోనూ ఎవరైనా నోటీస్ పీరియడ్‌లో ఉంటే, కేటీ (పని అప్పగించే) సెషన్లు మొదలుకాకముందే ఆ జాబితా తీయించి పెట్టుకోండి.