ఐదు మీటర్ల మడి, ఆకాశంలో ఆయకట్టు

మార్చి నెలాఖరులో విడవలూరు మండలంలోని ఒక వరి చేలో పంటకోత ప్రయోగం జరిపాను. ఈ పని తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. ఒక ఊళ్లో వరి ఎంత పండిందో తేల్చడానికి ఊరంతా కోసి తూచడం కుదరదు కాబట్టి, ఎంపికైన చేను నైరుతి మూల నుంచి యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చెప్పినన్ని అడుగులు పొడవునా వెడల్పునా నడిచి, ఆగిన చోట నాలుగు గూటాలు పాతి, తాడు కట్టి, ఐదు మీటర్ల చదరాన్ని గుర్తిస్తాము. భుజాలు ఐదేసి మీటర్లు ఉన్నంత మాత్రాన అది చదరం కాదు, కర్ణం 7.07 మీటర్లు వచ్చేదాకా గూటాలను సవరిస్తూనే ఉండాలి. ఆ తరువాత తాడు లోపలి దుబ్బులన్నీ కోసి, నూర్చి, తాలు పోగా మిగిలిన గింజలను కాటా వేస్తాము.

ఆ రోజు రైతు కొడవలి ఆపి, "ఈడ బాగానే పండింది సార్, ఆ గట్టవతల దోమపోటు తగిలింది, ఆడ కూడా ఒకసారి చూడండి" అన్నాడు. వెళ్లి చూశాను. అతను చెప్పింది నిజమే. గట్టుకు ఇవతల పసుపు పచ్చగా వంగిన వెన్నులు, అవతల మాడి చాపలా పడిపోయిన గుండ్రటి మచ్చలు. అయినా తాడును జరిపే అధికారం నాకు లేదు. ఆ సాయంత్రం బస్సులో నెల్లూరు తిరిగి వస్తుండగా, కొన్నేళ్లుగా నేను తీరికవేళల్లో చదువుకుంటున్న ఖగోళశాస్త్రంలోనూ సరిగ్గా ఇదే తగవు ఉందన్న సంగతి స్ఫురించింది. హబుల్ టెలిస్కోపు తీసిన అతి ప్రసిద్ధమైన ఛాయాచిత్రం కూడా ఒక పంటకోత మడే.

1995 డిసెంబరు 18 నుంచి 28 వరకు హబుల్ సప్తర్షి మండలంలోని ఒక చిన్న చోటునే రెప్పవాల్చకుండా చూసింది. టెలిస్కోపు సంస్థ డైరెక్టరుగా ఉన్న రాబర్ట్ విలియమ్స్ తన విచక్షణాధికారం కింద ఉన్న సమయాన్ని, ఏమీ కనబడదేమోనని కొందరు పెద్దలు వారించినా వినకుండా, ఈ పనికి కేటాయించాడు. మన పంచాంగంలో లాగే డిగ్రీలో అరవయ్యో వంతును కళ అనుకుంటే, పున్నమి చంద్రుడి వెడల్పు సుమారు 31 కళలు. హబుల్ చూసిన ఆ చోటు వెడల్పు 2.6 కళలు మాత్రమే. ఇటువంటి మడులు ఆకాశమంతా కలిపి రెండు కోట్లకు పైగా పడతాయి. 342 ఎక్స్‌పోజర్లను పేర్చి చూస్తే ఆ ఒక్క మడిలో దాదాపు 3,000 గెలాక్సీలు బయటపడ్డాయి. ఆ చిత్రాన్ని గమనిస్తే ఒక మూల మెట్టులా కోసుకుపోయి ఉంటుంది. అప్పటి కెమెరాలోని నాలుగు సీసీడీల్లో (కాంతిని పట్టే ఎలక్ట్రానిక్ పలకల్లో) ఒకటి తక్కువ చోటును మరింత సూక్ష్మంగా చూసేది కాబట్టి, మిగతా మూడింటి పక్కన అది చిన్నగా ఒదిగి ఆ ఆకారం వచ్చింది.

వృత్తిరీత్యా నాకు అందులో ఒక అభ్యంతరం ఉంది. ఆ చోటును పట్టిక చూసి ఎంపిక చేయలేదు, ఏరుకున్నారు. ప్రకాశవంతమైన నక్షత్రాలు, ధూళి, దగ్గరలోని గెలాక్సీ గుంపులు లేకుండా, హబుల్ కక్ష్యలో తిరుగుతున్నప్పుడు భూమి అడ్డురాకుండా ఉండే చోటు వారికి కావలసి వచ్చింది. మా శాఖలో ఎవరైనా గూటాలు పాతే చోటును తామే ఏరుకుంటే ఆ ప్రయోగం రద్దవుతుంది. అయితే వారు ఆ లోపాన్ని ఎరుగని వారు కారు. 1998లో దక్షిణాకాశంలో టుకానా అనే నక్షత్ర మండలం వైపు రెండో మడిని కోసి చూశారు. మొత్తం మీద అక్కడి పంట కూడా మొదటిదానిలాగే ఉందని తేలింది.

రెండు మడులు సరిపోతాయా అన్నది అసలు ప్రశ్న. గెలాక్సీలు సమానంగా చల్లిన విత్తనాలు కావు. అవి తీగలుగా, గుంపులుగా అల్లుకుని, మధ్యలో కోట్ల కాంతి సంవత్సరాల మేర ఖాళీలు వదిలి ఉంటాయి. ఇంత చిన్న కిటికీ ఒక గుంపు మీద పడితే ఎక్కువ లెక్క, ఖాళీ మీద పడితే తక్కువ లెక్క వస్తుంది. ఎక్స్‌పోజరు ఎంత పెంచినా ఈ తేడా పోదు. ఒకే మడిని పదిసార్లు తూచినంత మాత్రాన గట్టవతలి దోమపోటు కాటా మీదికి రాదు కదా. లోతుగా తీసిన చిత్రాలకు పత్రికల్లో దక్కిన పేరు విశాలంగా తీసిన సర్వేలకు దక్కలేదని నాకు ఎప్పటినుంచో చిన్న ఫిర్యాదు ఉంది. విశ్వం లెక్క తేల్చేది ఆ సర్వేలే.

హబుల్‌తోనే ముక్కముక్కలుగా తీసి అతికించవచ్చు కదా అని అడగవచ్చు. అలాగే చేశారు కూడా. ఆకాశంలో ఆరు చందమామలంత పొడవున పరుచుకున్న ఆండ్రోమెడా గెలాక్సీని హబుల్ పదేళ్లకు పైగా వ్యవధిలో 600కు పైగా ముక్కలుగా చిత్రించగా, 250 కోట్ల పిక్సెళ్ల ఆ అతుకుల బొమ్మ 2025 జనవరిలో విడుదలైంది. అది అద్భుతమైన పనే కాని, అతుకు అన్నది ఎంత కష్టమో నేను చాలా చిన్న మోతాదులో అనుభవించాను. మన కోస్తా వైపు రొయ్యల చెరువుల దీపాలు, థర్మల్ కేంద్రాల వెలుతురు కలిసి తూర్పు ఆకాశాన్ని పాలిపోయేలా చేస్తాయి కాబట్టి, ఒక జనవరి రాత్రి సోమశిల జలాశయం దాపుకు వెళ్లి, లుబ్ధకం నుంచి కృత్తికల దాకా ఆకాశాన్ని 50 మిల్లీమీటర్ల లెన్సుతో ఆరు ముక్కలుగా తీశాను. చలిలో తొందరపడి ముక్కకూ ముక్కకూ మధ్య చాలినంత ఒరుగు, అంటే రెండింటిలోనూ పడే భాగం, వదలలేదు. ఇంటికి వచ్చి కంప్యూటరులో కలిపితే నడుమ ఒక నల్లటి చీలిక మిగిలింది, ఓరియన్ నెబ్యులా సరిగ్గా అందులోనే పడిపోయింది.

ఆ చిత్రంలో ఇంకొక లోపం కూడా బయటపడింది. నడిమధ్యన సూది మొనల్లా ఉన్న చుక్కలు మూలలకు వెళ్లేకొద్దీ సాగి, లుబ్ధకమైతే రెక్కలు చాచిన కొంగలాగా తయారైంది. విశాల దృశ్య ఛాయాచిత్రణలో అసలు చిక్కు ఇదే. పరావలయ దర్పణం తన అక్షం మీది నక్షత్రాన్ని నిర్దుష్టంగా ఒక బిందువు మీదికి తెస్తుంది కాని, అక్షానికి కాస్త పక్కగా ఉన్న నక్షత్రానికి తోక మొలిపిస్తుంది. 1930లో బెర్న్‌హార్డ్ ష్మిట్ అనే ఎస్టోనియా వాడు, చిన్నతనంలో పేలుడు పదార్థంతో ఆడుకుంటూ కుడి చేతిని పోగొట్టుకుని ఒంటిచేత్తోనే అద్దాలు సాన పెట్టినవాడు, దీనికి హాంబర్గ్ దగ్గర ఒక విరుగుడు కనిపెట్టాడు. గోళాకార దర్పణానికి ప్రత్యేకమైన అక్షం ఏదీ ఉండదు, ఏ దిక్కైనా దానికి సమానమే. అది చేసే ఒకే ఒక తప్పును ముందు అమర్చిన పలుచని గాజు పలకతో దిద్దితే చాలునని అతని ఆలోచన. పాలోమార్ కొండ మీది 48 అంగుళాల ష్మిట్ టెలిస్కోపు ఈ పద్ధతిలోనే ఒక్కొక్క గాజు ప్లేటు మీద ఆరున్నర డిగ్రీల ఆకాశాన్ని పట్టింది. దాని ప్రతిబింబం చదునుగా ఏర్పడదు కాబట్టి గాజు ప్లేటునే కొద్దిగా వంచి బిగించేవారు. గాజును విరగకుండా వంచిన ఆ పనివాళ్ల ఓపిక నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

అంతకు ముందే మన హైదరాబాదులో ఇటువంటి పని జరిగింది. 1887లో పారిస్‌లో మొదలైన ఆకాశపట ప్రణాళికలో ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్క పట్టీని పంచగా, దక్షిణ క్రాంతి, అంటే ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా, 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ నిజామియా వేధశాల వంతుకు వచ్చింది. ఒక్కో ప్లేటు రెండు డిగ్రీల చదరం. ప్లేటు మీద ఒక మిల్లీమీటరుకు ఆకాశంలో ఒక కళ. కొలతల కోసం దాని మీద ఐదు మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున గళ్లు ముద్రించేవారు. ఐదు మీటర్ల చదరంతో ఇల్లు గడుపుకునే నాకు ఆ ఐదు మిల్లీమీటర్ల గడి మీద సహజంగానే అభిమానం కలిగింది. ఒక్కో గడిలో చుక్కల స్థానాలను చేత్తో కొలిచి వారు లక్షల నక్షత్రాల పట్టికను అచ్చు వేయించారు.

మన తీరం నుంచి పైకి వెళ్లిన విశాల నేత్రం ఇస్రో వారి ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్. 2015 సెప్టెంబరు 28 ఉదయం 10 గంటలకు పీఎస్‌ఎల్‌వీ దానిని శ్రీహరికోట నుంచి మోసుకుపోయింది. అప్పటికి శ్రీహరికోట నెల్లూరు జిల్లాలోదే. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి పోయినా మా ఊరివాళ్లు ఇంకా "మన షార్" అనే అంటారు. అందులోని అతినీలలోహిత టెలిస్కోపు యూవిట్ అద్దాలు 38 సెంటీమీటర్లవే, హబుల్ అద్దంలో ఆరో వంతు వెడల్పు. కాని అది ఒక్క చూపులో 28 కళల వెడల్పును, అంటే దాదాపు నిండు చంద్రుడంత చోటును చూస్తుంది, అదీ ఒకటిన్నర వికళల (కళలో అరవయ్యో వంతు వికళ) స్పష్టతతో. దానికి ముందు అతినీలలోహితంలో ఆకాశాన్ని సర్వే చేసిన నాసా ఉపగ్రహం గెలెక్స్ ఇంకా విశాలంగా చూసేది కాని దాని స్పష్టత ఐదు వికళల దగ్గరే ఆగిపోయింది. వెడల్పుకూ నాణ్యానికీ మధ్య యూవిట్ కుదుర్చుకున్న ఈ బేరం నాకు ఎంతో నచ్చింది.

ఆ స్పష్టత ఎలా వచ్చిందో వింటే ముచ్చట వేస్తుంది. ఉపగ్రహం ఎంత నిలకడగా ఉన్నా దాని చూపు కొన్ని వికళల మేర నెమ్మదిగా ఊగుతూనే ఉంటుంది; అలాగే వదిలేస్తే చుక్కలన్నీ అలికినట్లు అవుతాయి. అందువల్ల యూవిట్ డిటెక్టరు దీర్ఘమైన ఒక్క ఎక్స్‌పోజరు తీయకుండా, సెకనుకు దాదాపు 29 ఫ్రేముల చొప్పున తీస్తూ, వచ్చిన ఒక్కొక్క ఫోటాను (కాంతి కణం) స్థానాన్నీ విడిగా నమోదు చేసుకుంటుంది. పక్కనే ఉన్న దృశ్యకాంతి కెమెరా మామూలు నక్షత్రాలను గమనిస్తూ చూపు ఎటు జరిగిందో చెబుతుంది. తరువాత భూమి మీద కంప్యూటర్లు ప్రతి ఫోటానునూ ఆ మేరకు వెనక్కి జరిపి పేరుస్తాయి. 2016 అక్టోబరులో ఈ విధంగా 28 గంటలకు పైగా పరిశీలించిన దక్షిణాకాశపు చోటులో, 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ నుంచి వస్తున్న తీవ్ర అతినీలలోహిత కాంతిని పుణెకు చెందిన కనక్ సాహా బృందం గుర్తించి, 2020లో ప్రకటించింది. హబుల్ అనేకసార్లు కోసి తూచిన మడి అది. డిటెక్టరులో నేపథ్యపు గోల తక్కువ కావడం చేత, అక్కడ హబుల్‌కు చిక్కని గింజ యూవిట్‌కు దొరికింది.

2023 జూలై 1న బయలుదేరిన ఐరోపా వారి అంతరిక్ష టెలిస్కోపు యూక్లిడ్ మాత్రం మూలల సమస్యను చావుబతుకుల సమస్యగా చేసుకుంది. దాని ధ్యేయం ఆరేళ్లలో 14,000 చదరపు డిగ్రీలు, అంటే మొత్తం ఆకాశంలో మూడో వంతు. కనబడని కృష్ణ పదార్థం తన వెనుకనున్న గెలాక్సీల కాంతిని వంచి వాటి ఆకారాన్ని అతి స్వల్పంగా సాగదీస్తుంది. కోట్ల గెలాక్సీల్లో ఆ సాగుడును సగటున కొలిచి కృష్ణ పదార్థపు పటం గీయాలి. టెలిస్కోపు తానే మూలల్లోని గెలాక్సీలను సాగదీస్తే ఏది ఆకాశం చేసిన వంపో, ఏది అద్దం చేసిన వంపో ఎలా తెలుస్తుంది? అందుకే రెండు దర్పణాల పాత పద్ధతిని విడిచి, మిగిలిన వంకరలను మూడో దర్పణంతో దిద్దే ఏర్పాటు పెట్టారు. 1.2 మీటర్ల అద్దం, 36 సీసీడీలు, దాదాపు 60 కోట్ల పిక్సెళ్లతో ఒక్కసారికి అర చదరపు డిగ్రీ, అంటే రెండు చందమామలకు మించిన చోటు పడుతుంది. పెర్సియస్ గుంపును తీసిన తొలి చిత్రాల్లోనే గుంపులోని 1,000 గెలాక్సీల వెనుక మరో లక్ష గెలాక్సీలు కనబడ్డాయి.

నాసా తయారు చేసిన రోమన్ టెలిస్కోపుకు హబుల్ అద్దమంతే, 2.4 మీటర్ల అద్దం ఉంది. కాని దాని చూపు హబుల్ చూపుకు కనీసం వంద రెట్లు విశాలం. ఆండ్రోమెడాలో హబుల్ తన మొదటి విడతలో నాలుగు వందలకు పైగా ముక్కలుగా తీసిన భాగాన్ని ఇది రెండే చూపుల్లో పట్టగలదు. 2027 మే దాటకుండా ప్రయోగించాలన్నది నాసా పెట్టుకున్న గడువు. రోజుకు 1.4 టెరాబైట్ల సమాచారాన్ని 15 లక్షల కిలోమీటర్ల నుంచి దింపుకోవాలి కాబట్టి, ఇకపై కష్టమంతా అద్దం దగ్గర కాక కళ్లం దగ్గర ఉంటుందనిపిస్తోంది.

ఈ పెద్ద కెమెరాల్లో నన్ను ఆకట్టుకున్నది మరొకటి ఉంది. అన్ని పిక్సెళ్లు ఉన్న ఒకే పలకను ఎవరూ చేయలేరు. యూక్లిడ్‌లో 36, రోమన్‌లో 18 పలకలను పక్కపక్కన పేరుస్తారు. రెండు పలకల మధ్య సన్నని గట్టు తప్పదు, ఆ గట్టు మీద పడిన గెలాక్సీ ఎవరి లెక్కలోకీ రాదు. అందువల్ల యూక్లిడ్ ప్రతి చోటునూ నాలుగు సార్లు, ప్రతిసారీ చూపును కొద్దికొద్దిగా పక్కకు జరిపి తీస్తుంది; మొదటిసారి గట్టు కింద పడినది రెండోసారి మడిలోకి వస్తుంది. తాడు జరపడానికి నాకు లేని అధికారం దానికి ఉందన్న మాట. వచ్చే జనవరి అమావాస్యకు మళ్లీ సోమశిల వెళ్తున్నాను. ఈసారి ముక్కకూ ముక్కకూ మూడో వంతు ఒరుగు వదిలి, ఓరియన్ నడుము దగ్గర మాత్రం చూపు జరిపి నాలుగు సార్లు తీయాలని కాగితం మీద గళ్లు గీసుకున్నాను.