దూరం నుంచి పియానో ఆడిషన్: మనకంటే ముందు వెళ్ళేది రికార్డింగే

విదేశీ సంగీత కళాశాలలకి అప్లై చేయాలనుకుంటున్న పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అక్కా, ప్రోగ్రాంలో ఏం పెట్టుకోమంటారు?" అంటే ఆడిషన్‌లో ఏ రచనలు వాయించాలని. దానికి జవాబు ప్రతి స్కూలు వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. బాఖ్ ప్రెల్యూడ్, ఫ్యూగ్ (ఒకే స్వరవరుసని కొన్ని 'గొంతులు' ఒకదాని తర్వాత ఒకటి అందుకునే రచన) జంట ఒకటి, క్లాసికల్ సొనాటా (మూవ్‌మెంట్లు అనే భాగాలున్న రచన) ఒకటి, పెద్ద రొమాంటిక్ రచన ఒకటి, కష్టమైన ఎట్యూడ్ (వేళ్ళ నైపుణ్యానికి రాసిన రచన) ఒకటో రెండో. కొద్ది తేడాలతో చాలాచోట్ల ఇంతే. షోపాన్ ఎట్యూడ్‌లలో నిదానంగా సాగే ఓపస్ (రచనల సంఖ్య) 10 నంబర్ 3, 6, ఓపస్ 25 నంబర్ 7 చాలామంది ఒప్పుకోరు, అది మాత్రం గుర్తుంచుకోండి.

నాకు చెప్పాలని ఉన్నది రికార్డింగ్ గురించి. పేరున్న స్కూళ్ళలో చాలావాటికి ముందు ప్రీస్క్రీనింగ్ వీడియో పంపాలి. అది నచ్చితేనే ఆడిషన్‌కి పిలుపు. దగ్గర్లో ఉన్నవాళ్ళు అక్కడి టీచర్ల మాస్టర్‌క్లాసుల్లో వాయించి ఉంటారు, వేసవి శిబిరాల్లో కనబడి ఉంటారు. మన గురించి వాళ్ళకి తెలిసేది ఆ వీడియోలో ఉన్నంతే. అందుకే రికార్డింగ్‌ని చివరి వారంలో చేసే పనిగా పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. అదీ సాధనలో భాగమే.

నా ప్రోగ్రాంలో బీథోవెన్ ఓపస్ 31 నంబర్ 2 ఉంది. మొదటి మూవ్‌మెంట్ మధ్యలో ఆర్పెజియో (ఒక్కొక్కటిగా విడిచి వాయించే స్వరాలు) తర్వాత కుడిచేయి ఒక్కటే, మనిషి తనలో తాను మాట్లాడుకున్నట్టు, ఒక రెసిటేటివ్ వాయిస్తుంది. అక్కడ ధ్వనిని నిలిపే పెడల్ ఎత్తకుండా ఉంచమని బీథోవెనే రాశాడు. ఆ మసకలోంచి స్వరాలు మెల్లగా తేలాలి. ఫోన్‌తో తీసి వింటే ఆ రెసిటేటివ్, దాని ముందు వచ్చిన ఫోర్టే (గట్టిగా వాయించే చోటు) దాదాపు ఒకే స్థాయిలో వినిపించాయి. కారణం ఫోన్‌లో ఉండే ఆటోమేటిక్ లెవెల్. శబ్దం తగ్గగానే అదే వాల్యూం పెంచేస్తుంది, పెరగగానే నొక్కేస్తుంది. నెలల తరబడి కూర్చుని పియానిసిమో (అతి మెల్లని ధ్వని) సాధిస్తే, దాన్ని ఒక సెట్టింగ్ చెరిపేస్తుంది. బాఖ్ బి ఫ్లాట్ మైనర్ ఫ్యూగ్‌లో ఇంకా స్పష్టంగా తెలిసింది. ఐదు గొంతులూ కలిసి చివరికి మేజర్ కార్డ్‌లోకి (కలిపి మోగే స్వరాల్లోకి) తెరుచుకున్నాక ఆ ధ్వని మెల్లగా కరిగిపోవాలి కదా. రికార్డింగ్‌లో అది కరుగుతున్న కొద్దీ గదిలోని హోరు పైకి లేచింది.

కాబట్టి లెవెల్‌ని చేత్తో పెట్టుకునే చిన్న రికార్డర్ ఒకటి సంపాదించండి, అరువైనా సరే. ప్రోగ్రాం మొత్తంలో అన్నిటికంటే గట్టిగా వాయించే చోటు ముందు వాయించి, అక్కడ మీటర్ ఎర్రబడకుండా లెవెల్ పెట్టి, తర్వాత ఇక ముట్టుకోకండి. మైకుని మూత తెరిచిన వైపు రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టి విని, అక్కణ్ణుంచి ముందుకీ వెనక్కీ జరుపుతూ చూడండి. మరీ దగ్గరైతే సుత్తుల చప్పుడు, మరీ దూరమైతే గది మోత. ట్యూనర్‌ని అదే రోజు పొద్దున పిలిపించండి. కెమెరా మన కుడివైపు నుంచి, రెండు చేతులూ ముఖమూ కనబడేలా. ఒక మూవ్‌మెంట్ లోపల ఎడిటింగ్ ఒప్పుకోరు. మూవ్‌మెంట్‌కీ మూవ్‌మెంట్‌కీ మధ్య ఆపడం చాలాచోట్ల కుదురుతుంది.

ఏ టేక్ (ఒకసారి తీసిన రికార్డింగ్) పంపాలన్నది వేరే చిక్కు. నేను తప్పు స్వరాలు లెక్కపెట్టి ఎంచుకోలేదు. షోపాన్ ఓపస్ 10 నంబర్ 4లో ఒక టేక్ శుభ్రంగా ఉంది, ఇంకొక దానిలో రెండు స్వరాలు జారాయి గానీ మొదటి బార్ నుంచి చివరి దాకా ఒకే ఊపులో పోయింది. మా టీచర్ రెండూ విని, "ఇది పంపమ్మా, ఇందులో నువ్వున్నావు" అన్నారు. అదే పంపాను. తీసిన రోజే వినకండి. ఆ రోజు చేతులకి గుర్తున్నదే చెవికి వినబడుతుంది.

తేదీల సంగతి త్వరగా చెప్పేస్తాను. బ్రిటన్ కన్సర్వటరీలకి (సంగీత కళాశాలలకి) అప్లికేషన్ గడువు చదువు మొదలయ్యే ముందు ఏడాది అక్టోబర్ మొదట్లోనే ముగుస్తుంది. అమెరికాలో చాలావాటికి డిసెంబర్ 1. అంటే వీడియోలు వేసవి చివరికల్లా మొదలవ్వాలి. డబ్బు గురించి భయపడి ముందే ఆగిపోవద్దు: అమెరికాలో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత కళాశాలలో 1928 నుంచీ ఎవరి దగ్గరా ట్యూషన్ ఫీజు తీసుకోరు. జర్మనీ ప్రభుత్వ సంగీత కళాశాలల్లో చాలావాటిలో విదేశీయులకీ ట్యూషన్ లేదు, బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం సెమిస్టర్‌కి 1500 యూరోలు తీసుకుంటుంది. జర్మనీకి వెళ్ళేవాళ్ళు భాషా సర్టిఫికెట్, చెవి పరీక్ష, థియరీ కూడా చూసుకోవాలి. వాయిద్యం ఎంత బాగా వచ్చినా ఇవి విడిగా పాసవ్వాలి.

స్కూలు పేరు కంటే టీచర్ ముఖ్యం అని నా నమ్మకం. నాలుగేళ్ళు ప్రతి వారం కూర్చునేది ఆ మనిషి ముందే. చిన్న ఈమెయిల్, రెండు వీడియో లింకులు, ఒక ట్రయల్ లెసన్ అడగడం, అంతే. ఆన్‌లైన్‌లో అయితే జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' ఆన్ చేయండి. లేకపోతే సాగే స్వరాన్ని అది హోరనుకుని కోసేస్తుంది.

పిలుపు వచ్చాక ఇంకొక్కటి. లైవ్ ఆడిషన్‌లో మీ ప్రోగ్రాం మొత్తం వినరు. నన్ను ఫ్యూగ్ మధ్యలో ఆపి, సొనాటా చివరి మూవ్‌మెంట్ అడిగారు. ఆపారంటే నచ్చలేదని కాదు, వాళ్ళకి సమయం అంతే. చేతులు ఇంకా బాఖ్ వేగంలో ఉండగానే ఆ మూడో మూవ్‌మెంట్ అసలు టెంపోలో మొదలవ్వాలి. దానికి నేను చేసిన సాధన ఇది: ఇంట్లో ఎవరో ఒకరి చేతికి మూవ్‌మెంట్ల జాబితా ఇచ్చి, వాయిస్తున్నప్పుడు ఎక్కడ తోస్తే అక్కడ ఆపి ఇంకొకటి చెప్పమనేదాన్ని.