సెట్‌ఎన్‌ఫోర్స్ 0 తీసేసిన చోట

మ్యూనిక్ ఆఫీసులో కోడ్ రివ్యూకి మర్యాదల ముందుమాట ఉండదు. "బాగా రాశావు, కాకపోతే..." అంటూ మెల్లగా అసలు సంగతికి రావడం మన పద్ధతి. ఇక్కడ ఇన్‌స్టలేషన్ స్క్రిప్ట్‌లో మూడో లైను "సెట్‌ఎన్‌ఫోర్స్ 0" అని ఉంటే (లినక్స్‌లో ప్రతి ప్రోగ్రామునూ హద్దులో ఉంచే ఎస్ఈలినక్స్ అనే కాపలాను ఆపేసే కమాండ్ అది), దాని కింద వచ్చిన మాట ఇంతే: "ఇది పరిష్కారం కాదు. తీసెయ్." ఆ మాట రాసినాయన వయసులో బాగా పెద్ద, మన ఊళ్లో అయితే గారు తగిలించకుండా పిలవలేం. ఇక్కడ టీమంతా ఒకరినొకరు "డు" అనే అనుకుంటారు, అంటే నువ్వు అనే. ఆ ఏకవచనంలో కోపం లేదని ఎంత తెలిసినా కసిరినట్టే వినపడుతుంది. గంట తర్వాత అదే చోట ఇంకో లైను వచ్చింది: "రేపు పదింటికి కూర్చుని పాలసీ రాద్దాం. సాయంత్రం దాకా పట్టినా పర్లేదు." పాలసీ అంటే ఏ ప్రోగ్రాము ఏమేం ముట్టుకోవచ్చో ఎస్ఈలినక్స్‌కు చెప్పే నియమాలు.

మొదటి మాట కంటే ఈ రెండోదే ఎక్కువ కలుక్కుమనిపించింది. హైదరాబాద్‌లో సపోర్ట్ షిఫ్టులు చేసినవాళ్లకు ఆ మూడో లైను గురించి చెప్పక్కర్లేదు. టికెట్ తెరుచుకున్న క్షణం నుంచి గడియారం నడుస్తూనే ఉంటుంది. నాలుగు గంటల్లో మూయకపోతే ఎస్ఎల్ఏ, అంటే క్లయింటుకు మాటిచ్చిన గడువు, తప్పినట్టు, అవతలి దేశం నుంచి ఫోన్లు. సర్వీసు లేవాలి, అంతే. ఆ లైను కొడితే లేస్తుంది. ఒక డాక్యుమెంట్‌లోంచి ఇంకో డాక్యుమెంట్‌లోకి ఎక్కుతూ, ఎవరు మొదట రాశారో తెలియకుండానే అది ఆచారమైపోయింది. దాన్ని అజ్ఞానం అంటే ఒప్పుకోబుద్ధి కాదు. ఒక్క డీమన్ (తెర వెనక నడిచే సర్వీసు ప్రోగ్రాము) ముందు పొద్దంతా కూర్చోమని అక్కడ ఎవరైనా చెప్పి ఉంటే మనవాళ్లు ఎప్పుడో నేర్చుకునేవాళ్లు.

అసలు కట్టడి మనకు కొత్తా? పెళ్లింట వంటవాళ్లకు పెరట్లో గాడిపొయ్యి, సరుకుల గది, నీళ్ల డ్రమ్ములు. దేవుడి గది, బీరువా ఉన్న గది వాళ్ల దారిలో లేవు. అలాగని వాళ్లను ఎవరూ అనుమానించరు. పని ఎంతవరకో దారీ అంతవరకే. ఎస్ఈలినక్స్ ప్రతి ప్రాసెస్‌కీ అదే గీత గీస్తుంది. మామూలు యూనిక్స్ అనుమతుల్లో రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా, నడిచే డీమన్‌కు అన్ని గదులూ తెరిచే ఉంటాయి, దాన్ని బయటివాడు లొంగదీసుకుంటే ఇల్లంతా వాడిదే. అమెరికా నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీ 2000 డిసెంబరులో విడుదల చేసిన ఈ ఏర్పాటు 2003లో లినక్స్‌కు గుండెకాయైన 2.6 కెర్నల్‌లో కలిసింది. పాలసీలో "అలౌ" అని రాయనిది ఏదీ కుదరదు, అడిగేది రూట్ అయినా సరే. ఆండ్రాయిడ్ 5.0 వచ్చిన 2014 నుంచి ఫోన్లలోనూ పూర్తిగా ఇదే అమలవుతోంది.

ఇంతకీ మా స్క్రిప్ట్ ఎక్కించే సర్వీసు ఆ మూడో లైను లేకుండా ఎందుకు లేవలేదు? టార్ ఫైలును హోం డైరెక్టరీలో విప్పి, బైనరీని (నడిచే ప్రోగ్రాము ఫైలును) "ఎంవీ"తో యూఎస్ఆర్ లోకల్ బిన్‌లోకి జరిపారు. ఎస్ఈలినక్స్ ప్రతి ఫైలుకూ ఒక లేబుల్ అంటిస్తుంది, దాన్ని బట్టే ఎవరు ముట్టుకోవచ్చో తేలుస్తుంది. ఎంవీ ఫైలుతో పాటు ఆ లేబుల్‌ని కూడా మోసుకెళ్తుంది. కాపీ చేసే మామూలు "సీపీ" అయితే కొత్త చోటికి తగ్గ లేబుల్ పడేది. అలా బైనరీ మీద "యూజర్_హోమ్_టి" ఉండిపోయింది. సర్వీసులను లేపే సిస్టమ్‌డి ఉండే "ఇనిట్_టి" డొమైన్‌కు (ప్రాసెస్‌కు పడే లేబుల్‌ను డొమైన్ అంటారు) ఆ లేబుల్ ఉన్న ఫైలును నడిపే అనుమతి లేదు. స్టేటస్‌లో 203/ఎగ్జెక్ అని కనిపిస్తుంది, జర్నల్‌లో పర్మిషన్ డినైడ్. "ఎల్ఎస్"కి పెద్ద జెడ్ తగిలించి చూస్తే లేబుల్ తేడా వెంటనే దొరుకుతుంది. ఆ ఫైలు మీద ఒక్కసారి "రెస్టోర్‌కాన్", అంటే ఆ చోటికి తగ్గ లేబుల్ తిరిగి వేసే కమాండ్, కొడితే "బిన్_టి" అవుతుంది, సర్వీసు లేస్తుంది. ఒక్క ఫైలు లేబుల్ కోసం ఎన్ని సర్వర్లకు కాపలా మొత్తం ఎత్తేశామో తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

అయితే అక్కడితో ఆగితే సగం పనే అయినట్టు. బిన్_టి లేబుల్‌తో సిస్టమ్‌డి లేపిన సర్వీసు "అన్‌కన్‌ఫైన్డ్_సర్వీస్_టి"లో నడుస్తుంది. మెషీన్ ఎన్‌ఫోర్సింగ్, అంటే కట్టడి అమల్లో ఉంది, అని చూపిస్తుంది, మన డీమన్ మీద మాత్రం దాదాపు ఏ కట్టడీ లేదు. వెబ్ సర్వర్ అపాచీకి, మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్‌కి పాలసీ లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌తోనే వస్తుంది. సొంతంగా రాసుకున్నదానికి మనమే రాయాలి.

ఆ డీమన్‌ను మీటర్‌డి అందాం. కరెంటు మీటర్ల రీడింగులు తీసుకుని వార్ లిబ్ కింద తన డైరెక్టరీలో రాస్తుంది, టీసీపీ 18765 పోర్టు మీద వింటుంది. రెడ్‌హ్యాట్, ఫెడోరా మెషీన్ల మీద పాలసీకోర్‌యుటిల్స్-డెవెల్ ప్యాకేజీ వేసుకుని, "సెపాలసీ జనరేట్" కమాండ్‌కు ఇనిట్ ఆప్షన్, బైనరీ దారి ఇస్తే ఐదు ఫైళ్లు వస్తాయి. టీఈలో నియమాలు, ఎఫ్‌సీలో ఏ దారికి ఏ లేబుల్, ఐఎఫ్‌లో ఇతర పాలసీ మాడ్యూళ్లు వాడుకునే మాక్రోలు, అంటే ఒక్క పేరుతో పిలిచే నియమాల కట్టలు. స్పెక్ ఫైలు, షెల్ స్క్రిప్ట్ మిగతా రెండు. టీఈలో "ఇనిట్_డీమన్_డొమైన్" అన్న మాక్రో ముఖ్యంగా మూడు పనులు చేస్తుంది. ఇనిట్_టి ఆ బైనరీని నడపొచ్చు. నడిపినప్పుడు ప్రాసెస్ మీటర్‌డి_టి డొమైన్‌కు మారొచ్చు. ఆ డొమైన్‌లోకి గుమ్మం ఆ బైనరీ లేబుల్ ఒక్కటే. ఈ మూడోదాన్ని ఎంట్రీపాయింట్ అంటారు. ఇది లేకపోతే ఏ ప్రోగ్రామైనా మీటర్‌డి వేషం వేసుకుని లోపలికి రాగలదు.

అదే టీఈలో "పర్మిసివ్ మీటర్‌డి_టి" అన్న లైను దానంతటదే వస్తుంది. ఈ ఒక్క డొమైన్‌ను ఆపొద్దు, లాగ్ మాత్రం రాయి అని దాని అర్థం. మిగతా మెషీన్ కట్టడిలోనే ఉంటుంది. ఇప్పటికే పాలసీ ఉన్న సర్వీసుకైతే "సెమానేజ్ పర్మిసివ్" కమాండ్‌తో ఇదే పని చేయొచ్చు. నాలుగు గంటల టికెట్‌ను కూడా దీంతో మూయొచ్చు. మన డాక్యుమెంట్లలో సెట్‌ఎన్‌ఫోర్స్ 0 బదులు ఇది ఎక్కి ఉంటే సగం నష్టం తప్పేది.

ఇక లాగ్ చదవడం. అసలు నేర్పంతా ఇక్కడే. "ఏయూసెర్చ్"తో ఏవీసీ రికార్డులు, అంటే ఎస్ఈలినక్స్ తిరస్కారాల చిట్టా, తీస్తే మొదటిది ఇలా ఉంది: డినైడ్, బ్రేసెస్‌లో రైట్, కామ్ మీటర్‌డి, సోర్స్ కాంటెక్స్ట్ మీటర్‌డి_టి, టార్గెట్ కాంటెక్స్ట్ వార్_లిబ్_టి, క్లాస్ డైరెక్టరీ, పర్మిసివ్ 1. ఎవరు, దేని మీద, ఏం చేయబోయారు, అంతే. దీన్ని "ఆడిట్‌టూఅలౌ"కు తినిపిస్తే, మీటర్‌డి_టికి వార్_లిబ్_టి డైరెక్టరీల్లో రాసే అనుమతి ఇచ్చే నియమం చేతిలో పెడుతుంది. చాలామంది దాన్నే ఎక్కించి పండగ చేసుకుంటారు. కానీ వార్_లిబ్_టి అనేది వార్ లిబ్ కింద సొంత లేబుల్ లేని ప్రతి డైరెక్టరీకీ పడే ఉమ్మడి లేబుల్. ఆ ఒక్క లైనుతో వంటవాడికి పక్కింటి వసారా కూడా రాసిచ్చినట్టే. తప్పు నియమంలో లేదు, లేబుల్‌లో ఉంది: పాలసీ ఎక్కకముందే "ఎంకేడిర్" చేశారు, అమ్మ డైరెక్టరీ లేబుల్ బిడ్డకు వచ్చింది. ఎఫ్‌సీలో ఆ దారికి "మీటర్‌డి_వార్_లిబ్_టి" రాసి, మాడ్యూల్ ఎక్కించి, డైరెక్టరీ మొత్తానికి రెస్టోర్‌కాన్ కొడితే ఏవీసీ మాయం. "సీహెచ్‌కాన్"తో చేత్తో మార్చినా అప్పటికి పనవుతుంది గానీ, తర్వాత ఎవరైనా రీలేబుల్ చేస్తే పాత లేబుల్ తిరిగొస్తుంది.

పోర్టు సంగతీ అంతే. ఆడిట్‌టూఅలౌ మాట వింటే "అన్‌రిజర్వ్‌డ్_పోర్ట్_టి" మొత్తం మీద బైండ్ అనుమతి ఇస్తాం, వేలకొద్దీ పోర్టులు. టీఈలో "మీటర్‌డి_పోర్ట్_టి" అని సొంత టైపు ప్రకటించి, దాని మీద మాత్రమే బైండ్ ఇచ్చి, "సెమానేజ్ పోర్ట్"తో 18765ను దానికి కట్టాలి.

అన్నిటికంటే ఎక్కువ తికమకపెట్టింది డాక్_ఓవర్‌రైడ్ అన్న ఏవీసీ. క్లాస్ కేపబిలిటీ అని ఉంటుంది, ఏ ఫైలో ఉండదు. డీమన్ రూట్‌గా మొదలై టీఎల్ఎస్ కీ, అంటే కనెక్షన్‌ను గుప్తంగా ఉంచే తాళం ఫైలు, చదువుతుంది. కీ ఫైలు యజమాని మీటర్‌డి యూజర్, అనుమతి 0600, అంటే యజమాని ఒక్కడే చదవొచ్చు, రాయొచ్చు. రూట్ ఇక్కడ యజమాని కాదు, గుంపులోనూ లేదు. మామూలుగా రూట్ ఈ గోడను డాక్_ఓవర్‌రైడ్ శక్తితో దూకేస్తుంది, మనకు తెలియను కూడా తెలియదు. కట్టడిలో ఆ దూకుడే బయటపడింది. అనుమతి ఇచ్చేస్తే ఏ యజమాని ఫైలైనా దానికి ఒకటే. రివ్యూ రాసిన ఆ పెద్దాయన పాలసీ ముట్టుకోలేదు. ఫైలు యజమానిని రూట్‌గా, గుంపును మీటర్‌డిగా మార్చి 0640 పెట్టాడు, ఇప్పుడు గుంపు కూడా చదవొచ్చు. ఫైలు పేరు లాగ్‌లో రావాలంటే "ఆడిట్‌సీటీఎల్"తో ఎట్సీ షాడో మీద ఒక వాచ్ పెట్టమన్నాడు. దాంతో పూర్తి ఆడిటింగ్ మొదలై ప్రతి ఏవీసీతో పాటు ఫైలు దారి కూడా పడుతుంది.

లాగ్‌లో ఏమీ లేకుండానే సర్వీసు మొరాయిస్తే, ఆపినా లాగ్‌లో రాయొద్దనే డోంట్ఆడిట్ నియమాలు నోరు నొక్కుతున్నాయేమో చూడాలి. పాలసీ మాడ్యూళ్లు ఎక్కించే "సెమాడ్యూల్"కి పెద్ద డి, పెద్ద బి కలిపి ఇస్తే అవి తాత్కాలికంగా తొలగుతాయి, పని కాగానే పెద్ద బి ఒక్కటే ఇచ్చి మళ్లీ పెట్టేయాలి. అంతకంటే ముందు చూడాల్సింది మామూలు అనుమతులు. అక్కడే ఆగిపోతే విషయం సాధారణంగా ఎస్ఈలినక్స్ దాకా రానే రాదు.

పర్మిసివ్ లైను ఎప్పుడు తీయాలన్న దగ్గర మళ్లీ మన తొందర అడ్డొచ్చింది. ఒక రోజు లాగ్ శుభ్రంగా ఉంటే చాలనిపిస్తుంది. చాలదు. లాగ్ రొటేషన్ వారానికోసారి, సర్టిఫికెట్ మార్పు ఇంకా అరుదుగా, బ్యాకప్ నుంచి తిరిగి ఎక్కించడం ఏడాదికోసారి. ఆ దారులన్నీ డీమన్ తొక్కేదాకా పాలసీ పూర్తయిందని చెప్పలేం, కాబట్టి వాటిని చేత్తో నడిపించి చూడాలి. పైగా పర్మిసివ్‌లో ఒకే రకం తిరస్కారం మళ్లీ మళ్లీ జరిగినా సాధారణంగా మొదటిసారే లాగ్‌లో పడుతుంది, అందుకని లైన్ల సంఖ్య తగ్గిందని సంబరపడకూడదు. ఐదు వారాలు ఆగాం. మూడో వారంలో సర్టిఫికెట్ మార్చే స్క్రిప్ట్ కొత్త కీని టెంప్ డైరెక్టరీ నుంచి ఎంవీ చేసింది, మళ్లీ అదే పాత లేబుల్ గొడవ. స్క్రిప్ట్‌లో ఎంవీ పక్కన జెడ్ ఆప్షన్ పెడితే తీరింది.

మూడో లైను చోట ఇప్పుడు మూడు లైన్లున్నాయి: సెమాడ్యూల్, సెమానేజ్ పోర్ట్, రెస్టోర్‌కాన్. హైదరాబాద్ టీం డాక్యుమెంట్‌లోకి కూడా అవే పంపించాం, ఏవీసీ లైను చదివే పద్ధతి ఒక పేజీ జతచేసి. పర్మిసివ్ లైను తీసేసిన మార్పు రివ్యూకి వెళ్లినప్పుడు మెచ్చుకోలు వస్తుందేమోనని చూస్తే, వచ్చిన మాట ఇది: "ఎఫ్‌సీలో కీ ఫైలు పేరులో చుక్క ముందు బ్యాక్‌స్లాష్ లేదు." అవును, లేదు. అక్కడ రాసేది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, ఒట్టి చుక్క ఏ అక్షరానికైనా సరిపోతుంది. బ్యాక్‌స్లాష్ పెట్టి, మాడ్యూల్ మళ్లీ కట్టి పంపాం.