చీల

బీరువా తలుపు పక్కన వేలితో తడుముతుంటే చిన్న బొడిపె తగిలింది. "చెక్క చీల అది. కర్ర ఎండి కుంచించుకుపోయేకొద్దీ అలా పైకి తేలుతుంది" అన్నాడు షాపాయన.

ఈ మధ్యాహ్నం వేల్స్‌లో చూసిన ఓక్ బీరువా. ఒకదానిమీద ఒకటిగా మూడు భాగాలు. ట్రిడార్న్ అంటారు ఇక్కడ. వెల్ష్‌లో ట్రి అంటే మూడట, అచ్చం మన త్రి లాగే! ఎంత సంతోషం వేసిందో.

ముందువైపు 1689 అని, పక్కనే రెండు పేర్ల మొదటి అక్షరాలు చెక్కి ఉన్నాయి. 9 కొంచెం పక్కకి ఒరిగింది. ఉలి పట్టిన చెయ్యి కళ్ల ముందు కదిలినట్టే అనిపించింది.

పాత బీరువాల మీద విక్టోరియా కాలంలో కొత్తగా చెక్కించిన తేదీలూ ఉంటాయట. అందుకే సేకరించేవాళ్లు ముందు చెక్కడాలు చూడరు, వెనక చెక్కలు చూస్తారు. నేనూ వంగి చూశాను. నున్నగా చిత్రిక పట్టలేదు, గరుకుగా ఉన్నాయి. చాలాసేపు నిమురుతూ ఉండిపోయాను.

కొనే స్తోమత నాకు లేదు. బయటికి రాగానే అమ్మకి ఫోన్ చేశాను, తాతయ్య భోషాణం ఇంకా ఉందా అని. ఉందట, బియ్యం బస్తాల వెనక.

ఎవరికీ ఇవ్వొద్దమ్మా అన్నాను.