వంతెనలు ఎక్కకుండా వెనిస్

అమ్మకు మోకాళ్లు అరిగిపోయి ఆరేళ్లయింది. చదునైన నేల మీద నెమ్మదిగా అరగంట నడవగలదు. మెట్లు ఎక్కడం కష్టం, దిగడం మరీ కష్టం. అలాంటి మనిషిని నాలుగు వందలకు పైగా వంతెనలున్న ఊరికి తీసుకువెళ్తానంటే తమ్ముడు ఫోనులోనే కోప్పడ్డాడు. వాడి కోపంలో న్యాయముంది. వెనిస్‌లో వంతెన అంటే మెట్లే. కింద పడవలు పోవాలి కాబట్టి ఇటు ఎక్కి అటు దిగాలి. మొత్తం ఊరిలో కారూ లేదు, ఆటో లాంటిదీ లేదు. కానీ నీళ్లు, పడవలు అంటే అమ్మకు ఎంత ప్రాణమో నాకు తెలుసు. ఆమె పుట్టింది సఖినేటిపల్లి దగ్గర. వశిష్ఠ మీద పంటు ఎక్కి నరసాపురం వెళ్లి చదువుకున్న మనిషి. నేను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తూ, ఏడు గంటల రైలు ప్రయాణం దూరంలో అలాంటి ఊరు పెట్టుకుని, చూపించకుండా ఎలా పంపను?

వీసా సంగతి త్వరగా చెప్పేస్తాను. అమ్మ నా దగ్గర రెండు నెలలు ఉంటుంది, ఇటలీలో నాలుగు రోజులే. ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఒకే వీసా ఇస్తారు, దాన్ని షెంగెన్ వీసా అంటారు. ఎక్కువ రోజులు ఏ దేశంలో గడిపితే ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి కాబట్టి జర్మనీకి పెట్టాం. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తీసుకోవాలి, అది షెంగెన్ దేశాలన్నిటిలో చెల్లాలి. ఆ ఒక్క వీసాతోనే ఇటలీ కూడా వెళ్లవచ్చు.

అసలు పని బస దగ్గర మొదలైంది. మొదట నేను ఫొటోలు చూసి ఒక గది తీసుకున్నాను. కిటికీలోంచి కాలువ, పూల కుండీలు, ధర కూడా అందుబాటులో ఉంది. రేవు నుంచి ‘ఆరు నిమిషాల నడక’ అని రాసి ఉంది. ఆ రాత్రి మ్యాపు పెద్దది చేసి చూస్తే, ఆ ఆరు నిమిషాల దారిని సన్నని నీలి గీతలు మూడు చోట్ల అడ్డంగా కోస్తున్నాయి. అంటే మూడు వంతెనలు. రోజుకు రెండుసార్లు బయటికి వెళ్లి వస్తే పన్నెండు వంతెనలు. ఆ గది రద్దు చేసుకున్నాను. ఒక రాత్రి అద్దె పోయింది, దానికి బాధపడలేదు.

ఆ తర్వాత వెతికే పద్ధతే మార్చాను. ముందు రేవు, తర్వాత ఇల్లు. వెనిస్‌లో జనం తిరిగేది వాపొరెట్టో అనే నీటి బస్సులో. దాని ఒకటో నంబరు రైల్వే స్టేషన్ ముందు నుంచి, ఊరి మధ్యగా పోయే పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్ పొడవునా, ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ మార్చి తాకుతూ, దాదాపు ప్రతి రేవులోనూ ఆగుతూ ఊరి పెద్ద చౌకు సాన్ మార్కో వరకు వెళ్తుంది. ఆ దారిలో సాన్ మార్క్వోలా అనే రేవు పట్టుకున్నాను. అక్కడ దిగి కూరగాయల అంగళ్లుండే వీధి దాకా ఒక్క కాలువ కూడా దాటనక్కర్లేదు. ఆ వీధి పేరు మొదట్లో ‘రియో తెరా’ అని ఉంటుంది. అంటే ఒకప్పటి కాలువను పూడ్చి చేసిన వీధి. మ్యాపులో ఈ మాట కనబడితే కొంత దూరం చదునుగా ఉంటుందని గుర్తు పెట్టుకోవచ్చు.

ఇంటి యజమానిని ‘ఎంత దూరం’ అని అడగలేదు. ‘రేవుకీ ఇంటికీ మధ్య ఎన్ని వంతెనలు, వీధి తలుపుకీ మంచానికీ మధ్య ఎన్ని మెట్లు’ అని రాశాను. మొదటిదానికి సున్నా, రెండోదానికి రెండు అని జవాబు వచ్చింది. పాత ఇళ్లలో లిఫ్టులు అరుదు కాబట్టి రెండో ప్రశ్న కూడా తప్పక అడగాలి. ఇంకొక మాట, అక్కడ ఇంటి నంబర్లు వీధుల వారీగా ఉండవు. ఊరిని ఆరు పేటలుగా చేసి, ఒక్కో పేటకు ఒకటి నుంచి వేలల్లోకి వరసగా నంబర్లు వేసుకుంటూ పోయారు. చిరునామా చేతిలో ఉన్నా సందు పేరు లేకపోతే తిరుగుతూనే ఉంటాం. సందు పేరు కూడా అడిగి రాసి పెట్టుకున్నాను.

అక్టోబరులో వెళ్లాం. పగలు వచ్చి పగలే వెళ్లిపోయే యాత్రికుల దగ్గర ప్రవేశ రుసుము తీసుకోవడం 2024 ఏప్రిల్ 25న మొదలైంది కానీ, అది వసంతంలో, వేసవిలో ఎంపిక చేసిన రోజులకే. మాకు తగల్లేదు. రైలు చివర్లో ఉప్పుటేరు లాంటి విశాలమైన నీటి మీదుగా పొడవాటి వంతెన దాటుతుంది. అమ్మ అప్పుడే కిటికీకి అతుక్కుపోయింది. స్టేషన్ బయటికి వస్తే ఎదురుగా రోడ్డు ఉండాల్సిన చోట కాలువ ఉంది. అమ్మ ఏమీ అనలేదు. చేతిసంచి కింద పెట్టి, రెండు చేతులూ నడుము మీద వేసుకుని చూస్తూ నిలబడింది.

ఒక్కసారి ఎక్కడానికి, అంటే 75 నిమిషాలకు, టికెట్టు 9.50 యూరోలు. 72 గంటల పాసు 45. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లతో వెళ్తే మరో ఆలోచన లేకుండా పాసే తీసుకోండి. ఎందుకంటే పాసు చేతిలో ఉంటే వాపొరెట్టో మీకు వంతెన అవుతుంది. అవతలి ఒడ్డుకు వెళ్లాలా? మెట్లెక్కకుండా ఒక రేవు పాటు పడవెక్కండి, అంతే. పాసు గడువు కొన్న క్షణం నుంచి కాదు, మొదటిసారి యంత్రానికి తాకించిన క్షణం నుంచి లెక్క. ఎక్కే ప్రతిసారీ తాకించాలి.

అమ్మ నాకు చెప్పిన సంగతి ఒకటుంది, ఏ యాత్రా పుస్తకంలోనూ నేను చదవలేదు. రేవులు తేలుతూ ఉంటాయి. ఒడ్డుకూ రేవుకూ మధ్య చిన్న నడకబల్ల వాలుగా ఉంటుంది. రెండో రోజు ఉదయం అది దాదాపు సమంగా ఉంది, సాయంత్రం వచ్చేసరికి బాగా వాలిపోయి అమ్మ నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది. “పాటు మీద ఉంది. నీళ్లు తీసేశాయి కదా” అంది. అప్పుడు అర్థమైంది, ఇక్కడి కాలువలు సముద్రంతో పాటే ఆడతాయని. ఆ రోజు నుంచి పోటు వేళలు ఫోనులో చూసుకుని బయలుదేరాం. అమ్మ మాత్రం ఫోను చూడలేదు. మా రేవుకు ఎదురుగా ఒక పాత భవనం మెట్లు నీళ్లలోకి దిగుతాయి. పైమెట్లు తెల్లగా, కిందివి పచ్చటి నాచుతో ఉంటాయి. ఎన్ని నాచు మెట్లు బయటపడ్డాయో లెక్కపెట్టి చెప్పేది.

రెండో రోజు చేసిన పని మా ప్రయాణంలోకెల్లా నాకు ఇష్టమైనది. గ్రాండ్ కెనాల్ మీద వంతెనలు నాలుగే. వాటి మధ్య దూరాల్లో ఊరివాళ్లు పాత పద్ధతిలో రేవు దాటే పడవలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి, వాటిని త్రగెత్తో అంటారు. యాత్రికులకు 2 యూరోలు. కా దోరో రేవులో దిగి కొంచెం నడిస్తే సాంతా సోఫియా అనే చిన్న చౌకు వస్తుంది, అక్కడి నుంచి అవతల చేపల బజారుకు దాటించే పడవ ఉంది. ముందు ఒకరు, వెనక ఒకరు తెడ్డు వేస్తారు. అలవాటున్నవాళ్లు నిలబడే దాటుతారు. నేను అమ్మ గురించి భయపడుతూ ఇద్దరు పడవవాళ్లకూ మోకాళ్లు చూపించి సైగలు చేస్తున్నాను. ఈలోగా అమ్మ చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి పట్టుకుంది. పడవవాడి ముంజేతిని పట్టుకుని, అంచు మీద కాకుండా సరిగ్గా పడవ నడిమధ్యలో పాదం మోపి, అదే ఊపులో బల్ల మీద కూర్చుంది. పడవ కదలనైనా కదల్లేదు. వెనక పడవవాడు తలపాగా తీసినట్టు తల వంచాడు. యాభై ఏళ్ల క్రితం రోజూ చేసిన పనిని ఆ కాళ్లు మరిచిపోలేదు.

పక్కనుంచి ఒక గొండోలా పోతుంటే అమ్మ అడిగింది, “ఒక్క తెడ్డే, అదీ కుడివైపే వేస్తున్నాడు. మరి పడవ ఎడమకు తిరిగిపోవాలి కదా?” నాకు తెలియలేదు. ఇంటికి వచ్చాక చదివాను. గొండోలా ఎడమ పక్క కుడి పక్కకంటే 24 సెంటీమీటర్లు వెడల్పుగా ఉంటుంది. ఆ వంకరే తెడ్డు నెట్టే నెట్టుడును సరిచేసి పడవను తిన్నగా నడుపుతుంది. తెడ్డు ఆనించే వాల్‌నట్ కర్ర కొమ్మును కూడా ఎంతో నేర్పుగా చెక్కుతారు. ఇది చెప్పినప్పుడు అమ్మ ముఖంలో కనిపించిన సంతోషం ఏ రాజభవనాన్ని చూసినప్పుడూ కనిపించలేదు. అరగంట గొండోలాకు పగటి ధర 90 యూరోలు, ఎక్కుదామా అంటే వద్దంది. రేవు దాటిన పడవ చాలంది.

చేపల బజారులో గోడకు ఒక పాత పాలరాతి పలక ఉంది. ఏ చేప కనీసం ఎంత పొడవుంటే అమ్మాలో అందులో చెక్కారు. మలుగు 25 సెంటీమీటర్లు, ఆల్చిప్ప 5. పిల్ల చేపను పట్టకూడదని రాతి మీద రాసి పెట్టుకున్న ఊరు ఇది.

మూడో రోజు ఉదయం సాన్ మార్కో. ఇక్కడ ఒక కిటుకు ఉంది. సాన్ జక్కరియా రేవు చౌకుకు దగ్గరే అనిపిస్తుంది కానీ మధ్యలో వంతెన ఎక్కాలి. వల్లరెస్సో రేవులో దిగి, నీటి ఒడ్డు వదిలి సందు గుండా లోపలికి వెళ్తే వంతెన లేకుండా చౌకుకు చేరతాం. మేము వెళ్లేసరికి చౌకు మధ్య నీళ్లున్నాయి. పోటు 95 సెంటీమీటర్లని ముందురోజే చెప్పారు. సముద్ర ముఖద్వారాలు మూడింటి దగ్గర మొత్తం 78 ఉక్కు తలుపులతో కట్టిన మోసే అనే అడ్డుకట్ట 2020 అక్టోబరు 3 నుంచి ఊరిని కాపాడుతోంది కానీ, మామూలుగా 110 దాటుతుందంటేనే వాటిని లేపుతారు. చౌకు ఊరిలోకెల్లా పల్లం కాబట్టి అంతకంటే ముందే మునుగుతుంది.

నేను అలలు వచ్చి పడతాయనుకున్నాను. అలా కాదు. రాతి పలకల మధ్య వాన నీళ్లు పోయే రంధ్రాలున్నాయి. వాటిలోంచే నీళ్లు పైకి ఊరుతున్నాయి, చెలమలో ఊట ఊరినట్టు, చప్పుడు లేకుండా. చిన్న బుడగ, దాని చుట్టూ తడి మరక, ఆ మరక పక్కదానితో కలవడం, చూస్తుండగానే పాదాల దాకా అద్దంలాంటి నీటి పొర. అందులో గంటస్తంభం తలకిందులుగా కనిపించింది. 1902లో ఒకసారి కూలిపోతే మళ్లీ అలాగే కట్టి 1912లో తెరిచిన స్తంభం అది. చౌకులోని సాన్ మార్కో చర్చి చుట్టూ నీళ్లు రాకుండా గాజు గోడలు పెట్టారు. 2019 నవంబరు 12 రాత్రి నీళ్లు 187 సెంటీమీటర్లకు వచ్చాయని చెబితే అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. గోదావరి వరద రాత్రులు ఆమె చూసినవే. “గాలి తోడైందేమో. ఉత్త పోటుకు అంత రాదు” అంది. నిజంగానే ఆ రాత్రి పౌర్ణమి పోటుకు పెనుగాలి తోడైంది.

మధ్యాహ్నం సాన్ జోర్జో దీవికి వెళ్లాం. సాన్ మార్కోకు ఎదురుగానే ఉన్నా, పడవ మారకుండా వెళ్లాలని ఇంటి రేవుకు వచ్చి, రెండో నంబరును వెనక దిశలో ఎక్కించాను. స్టేషన్ దాటి, ఊరి వెనక నుంచి చుట్టి, వెడల్పాటి జూడెక్కా కాలువ గుండా ముప్పావు గంటకు పైనే తిప్పి, దీవి ముంగిట్లో దించుతుంది. 2021 ఆగస్టు 1 నుంచి పెద్ద విహార నౌకలను ఈ కాలువలోకి రానివ్వడం లేదు. నీళ్లు నెమ్మదిగా, ఆకాశం విశాలంగా ఉన్నాయి. చర్చి ముందున్న కొద్ది మెట్లు నా చేయి పట్టుకుని ఎక్కింది. గంటస్తంభానికి లిఫ్టు ఉంది. పైనుంచి చూస్తే ఊరంతా ఎర్రటి పెంకులు, చుట్టూ నీళ్లు.

బురానో దీవి వదులుకున్నాం. మా రేవు నుంచి పడవలు మారుతూ వెళ్లాలి. రంగురంగుల ఇళ్లు ఫొటోలో చూసి ఊరుకున్నాం. అమ్మ కాళ్లు మరునాటికి కూడా కావాలి కదా.

చివరి రోజు సామాను స్టేషన్‌లో అప్పజెప్పాక పాసు గడువు ఇంకా రెండు గంటలుంది. ఏం చూద్దామని అడిగితే, మొదటి రోజు ఎక్కిన పడవే మళ్లీ ఎక్కుదామంది. ఒకటో నంబరులో ముందు సీటు దొరికింది. సాన్ మార్కో దాకా వెళ్లి, దిగకుండానే వెనక్కి వచ్చాం. మా ఇంటి రేవు దగ్గర పడవ ఆగినప్పుడు అమ్మ ఎదురుగా ఉన్న భవనం వైపు చూపించింది.

“వెళ్లేటప్పుడు మూడు మెట్లు. ఇప్పుడు నాలుగు” అంది.